5 మార్కుల ప్రాజెక్టు, బస్టాండ్ అరుగు

బడిలో పెట్టే ఎఫ్‌ఏ (నిర్మాణాత్మక మూల్యాంకనం)లో ప్రాజెక్టు పనికి 5 మార్కులు. పిల్లలు జిరాక్స్ షాపులో బొమ్మలు ప్రింటు తీయించి చార్టుకు అంటిస్తారు, సార్లు టిక్కు పెడతారు, అక్కడితో సరి. అదే పనిని ఇల్లు లేక నల్లగొండ రైల్వే స్టేషన్‌లోనో మహబూబ్‌నగర్ బస్టాండ్‌లోనో పడుకునేవాళ్లకు అక్కరకొచ్చేలా ఇవ్వొచ్చు. 8, 9 తరగతులైతే బాగుంటుంది. ఐదుగురికో జట్టు, జట్టుకో టీచరు, ఇంటినుంచి సంతకం.

మొదట లెక్క. ఇక్కడే చాలామంది తప్పుతారు. పగలు పోయి మూటలున్నవాళ్లందరినీ లెక్కేస్తే బొంబాయి బస్సు కోసం కూర్చున్న పాలమూరు కూలీలు కూడా అందులో పడతారు. రాత్రి లెక్క సరిగా వస్తుంది గానీ పిల్లల్ని పంపలేం. కాబట్టి టీ బండి ఆయన్ను, పొద్దున్నే ఊడ్చే అమ్మను, ఆటోవాళ్లను అడిగించండి. రోజూ ఎందరు పడుకుంటారు, ఆడవాళ్లెందరు, వానొస్తే ఎక్కడికి పోతారు, మరుగుదొడ్డికి ఎంత తీసుకుంటారు? వీళ్లకు తెలియనిది ఉండదు. ముగ్గురు చెప్పిన అంకెలు కలవకపోతే మూడూ రాయాలి. పేర్లు, ఫొటోలు వద్దు. "ఇల్లెందుకు వదిలావు తాతా" అనే ప్రశ్న అసలే వద్దు.

తర్వాత వస్తువు. అందరికీ ముందు దుప్పటే గుర్తొస్తుంది. కానీ పొద్దున లేచాక దాన్నెక్కడ పెట్టుకోవాలి? మూల దాస్తే చెత్తబండిలో పోతుంది. అందుకే పాత చీరనో లుంగీనో రెండు మడతలేసి, 45 సెంటీమీటర్ల పొడవు, 40 వెడల్పుతో సంచి కుట్టించండి. మూతికి నాడా, భుజానికి 120 సెంటీమీటర్ల పట్టీ. పట్టీ ఊడేది సంచికి అతికే చోటే, అక్కడ అడ్డంగా నాలుగు వరసలు కుట్టాలి. సంచిలో పలుచని చెద్దరు ఒకటి చాలు, బరువైతే మోయలేరు.

పైన కప్పేది ఎంత ముఖ్యమో కింద పరిచేదీ అంతే ముఖ్యం. సిమెంటు గచ్చు ఒంట్లో వేడిని లాగేస్తుంది. సైన్సులో ఉష్ణవహనం పాఠం ఇదే. 6 అడుగుల పాత ఫ్లెక్సీ ముక్క తేమను ఆపుతుంది, చలిని ఆపదు. దానిమీద విప్పిన అట్టపెట్టె పరిస్తే అదీ ఆగుతుంది. పుట్టినరోజు ఫ్లెక్సీలకు మన దగ్గర కరువు లేదు, నాయకుడి ముఖం మాత్రం కిందికి తిప్పండి.

తిండి ఇస్తే అరటిపండ్లు, మెత్తని బన్ను. బోసినోటి అవ్వకు గట్టి బిస్కట్లు దండగ.

తెలుగు పీరియడ్‌లో లేఖ. మున్సిపల్ కమిషనర్‌కు ఒకే చోటు, ఒకే అంకె, ఒకే కోరిక రాయాలి: ఆడవాళ్ల మరుగుదొడ్డి రాత్రి తెరిచి ఉంచండి, అంతే. కన్నీళ్లు పెట్టించే లేఖ ఫైల్లోనే ఉండిపోతుంది. 2024లో ముగిసిన జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ మార్గదర్శకాల్లో లక్ష జనాభాకు 100 మంది పట్టే ఆశ్రయం ఉండాలని ఉండేది, అదీ ఇంకో కోరికగా కాకుండా ఆధారంగా చేర్చండి. సోమవారం అర్జీలు తీసుకునే ప్రజావాణిలో ఇచ్చి రసీదు తీసుకోండి.

ప్రతి పిల్లాడి నోటుబుక్కు అట్ట మీద మూడు నంబర్లు ఉండాలి: ఒంటరి పిల్లలకు 1098, వృద్ధులకు 14567, స్పృహ తప్పినవాళ్లకు 108.

మార్కులు లెక్కకు 2, సంచికి 1, లేఖకు 2. తెచ్చిన వస్తువులకు వేయొద్దు, కొనలేని పిల్లలు వెనకపడతారు. అదే తరగతిలో గుడారం నుంచి వచ్చే పిల్లలూ ఉండొచ్చు. వాళ్లను లేపి "నువ్వు చెప్పు" అనకండి.