సిస్కో రౌటర్ పోర్టుకి ఐపీ ఇచ్చాక పింగ్ ఎందుకు రాదు?

సిస్కో ఐఓఎస్ (సిస్కో పరికరాల సొంత సాఫ్ట్‌వేర్) రౌటర్‌లో పోర్టుకి ఐపీ అడ్రస్ ఇవ్వడం ఒక్క లైను పని. చిక్కంతా ఆ లైనుకి ముందూ వెనకా ఉంటుంది. కన్సోల్ కేబుల్ పెట్టి, పుట్టీ అనే టెర్మినల్ ప్రోగ్రాంలో స్పీడు 9600 ఇచ్చి లోపలికి వెళ్లాక వరస ఇది. కమాండ్లు పలికినట్టు రాస్తున్నాను.

ఎనేబుల్
కాన్ఫిగర్ టెర్మినల్
ఇంటర్‌ఫేస్ గిగాబిట్‌ఈథర్నెట్ 0/0
డిస్క్రిప్షన్ ఆఫీస్-లాన్
ఐపీ అడ్రస్ 192.168.10.1 255.255.255.0
నో షట్‌డౌన్

స్విచ్ పోర్టులు మామూలుగా తెరిచే వస్తాయి, రౌటర్ పోర్టులు మూసి వస్తాయి. అందుకే చివరి లైను. స్విచ్‌ల మీద చేయి తిరిగినవాళ్లే దీన్ని ఎక్కువగా మర్చిపోతారు.

అడ్రస్ చివర 1కి బదులు 0 కొడితే రౌటర్ 'బ్యాడ్ మాస్క్' అంటుంది. మాస్క్ (అడ్రస్‌లో ఎంత భాగం నెట్‌వర్క్‌దో చెప్పే 255.255.255.0) మీద అనుమానపడి దాన్నే మార్చుకుంటూ కూర్చోవద్దు. అక్కడ తప్పు అడ్రస్‌ది: 192.168.10.0 నెట్‌వర్క్ పేరు, పోర్టుకి పనికిరాదు. 'ఓవర్‌ల్యాప్స్' అని వస్తే అదే రేంజి వేరే పోర్టు మీద ఉందని అర్థం. పై అడ్రస్ ఒక పోర్టుకి ఉండగా ఇంకో పోర్టుకి 192.168.10.129, మాస్క్ 255.255.255.128 ఇస్తామన్నా కుదరదు, రెండోది మొదటిదాని కడుపులోనే ఉంది కాబట్టి.

ఇప్పుడు 'ఎండ్'తో కాన్ఫిగ్ నుంచి బయటికి వచ్చి, 'షో ఐపీ ఇంటర్‌ఫేస్ బ్రీఫ్' కొట్టి చివరి రెండు కాలమ్‌లు చూడాలి. 'అడ్మినిస్ట్రేటివ్‌లీ డౌన్' అని ఉంటే నో షట్‌డౌన్ మర్చిపోయారు. డౌన్, డౌన్ అయితే కేబులో, కేబుల్ తగిలించే చిన్న మాడ్యూల్ ఎస్ఎఫ్‌పీయో, అవతలి పోర్టో చూసుకోవాలి. అప్, డౌన్ అన్నది సీరియల్ లింకుల్లో ఎక్కువ: ఒకవైపు హెచ్‌డీఎల్‌సీ, ఇంకోవైపు పీపీపీ (రెండూ డేటాని చుట్టి పంపే వేర్వేరు పద్ధతులు) ఉంటే ఇలాగే అవుతుంది. రెండూ అప్ ఉండి పింగ్ రాకపోతే రౌటర్‌ని వదిలి, పీసీలో మాస్క్, గేట్‌వే చూడండి. ఐదు పింగుల్లో మొదటిది పోయి నాలుగు వస్తే కంగారు అక్కర్లేదు, ఏఆర్‌పీ (అవతలి ఐపీకి హార్డ్‌వేర్ అడ్రస్ ఏదని అడగడం) జవాబు వచ్చేలోపు మొదటి ప్యాకెట్ పోతుంది.

దూరం నుంచి ఎస్ఎస్‌హెచ్‌లో మార్చేటప్పుడు మాత్రం జాగ్రత్త. పోర్టుకి ఇంకో ఐపీ కలపాలంటే లైను చివర 'సెకండరీ' ఉండాలి. లేకపోతే కొత్తది పాతదాన్ని తుడిచేసి కూర్చుంటుంది, మీరు పాత అడ్రస్ మీదే లోపలికి వచ్చి ఉంటే బయటపడ్డట్టే. కాబట్టి ముందు ఉన్నదాన్ని సేవ్ చేసి, 'రీలోడ్ ఇన్ 10' పెట్టి, అప్పుడు చేయి పెట్టండి. లింకు తెగితే పది నిమిషాలకి రౌటర్ పాత కాన్ఫిగ్‌తో లేస్తుంది. అంతా బాగుంటే 'రీలోడ్ క్యాన్సిల్' కొట్టి 'కాపీ రన్నింగ్-కాన్ఫిగ్ స్టార్టప్-కాన్ఫిగ్' చేయండి. క్యాన్సిల్ మర్చిపోతే ఆఫీసు మొత్తం మీ పేరు తలుచుకుంటుంది.

ఒకే పోర్టు మీద రెండు మూడు వీలాన్‌లు (ఒకే స్విచ్‌లో విడగొట్టిన వేరు నెట్‌వర్క్‌లు) నడపాలంటే, ఆ పోర్టుని లెక్కలో ముక్కలు చేసే సబ్ఇంటర్‌ఫేస్‌లు కావాలి. అందులో 'ఎన్‌క్యాప్సులేషన్ డాట్1క్యూ 10' (10 వీలాన్ నంబరు) ముందు, ఐపీ తర్వాత. వరస తిరగేస్తే రౌటర్ ఒప్పుకోదు. అసలు పోర్టుకి ఐపీ అక్కర్లేదు గానీ నో షట్‌డౌన్ కావాలి, అవతల స్విచ్ పోర్టు ఆ వీలాన్‌లన్నిటినీ మోసే ట్రంక్‌లో ఉండాలి.

మన ఊళ్లలో చాలా ఫైబర్ కనెక్షన్లు పీపీపీఓఈ (యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో లాగిన్ అయ్యే పద్ధతి) మీద నడుస్తాయి. అక్కడ బయటి ఐపీ పోర్టు మీద కాదు, ఆ లాగిన్ కోసం రౌటర్‌లో తయారుచేసే డయలర్ ఇంటర్‌ఫేస్ మీద పడుతుంది. మామూలు 1500 బైట్లలోంచి పీపీపీఓఈ హెడర్లు 8 బైట్లు తింటాయి కాబట్టి డయలర్ మీద 'ఐపీ ఎంటీయూ 1492', లాన్ పోర్టు మీద 'ఐపీ టీసీపీ అడ్జస్ట్-ఎంఎస్ఎస్ 1452' ఇవ్వాలి. ఎంటీయూ అంటే ఒక ప్యాకెట్ గరిష్ఠ సైజు, ఎంఎస్ఎస్ అంటే అందులో అసలు డేటాకి మిగిలే చోటు. 1492లోంచి ఐపీ, టీసీపీ హెడర్ల 40 తీస్తే 1452. ఇది లేకపోతే పింగ్ బ్రహ్మాండంగా వస్తుంది, కొన్ని సైట్లు మాత్రం సగంలో ఆగిపోతాయి, తప్పంతా సైటు పేరుని ఐపీగా మార్చే డీఎన్ఎస్ మీదికి పోతుంది. తేల్చుకోవడానికి విండోస్ పీసీ నుంచి, ముక్కలు చేయొద్దన్న ఆప్షన్‌తో, 1464 సైజు పింగ్ పంపండి. దానికి 28 బైట్ల హెడర్లు కలిస్తే సరిగ్గా 1492 కాబట్టి అది వెళ్లాలి, 1465 ఆగాలి. 1464 కూడా ఆగితే, దారిలో ఇంకెక్కడో ఎంటీయూ ఇంకా తక్కువ ఉంది.