చెన్నై క్రూజ్, ట్రింకోమలి డైవ్: తిరుపతి నుంచి జంట తయారీ ఎక్కడిదాకా వచ్చింది

క్రూజ్ ఓడలో శ్రీలంకలోని ట్రింకోమలికి వెళ్లి, అక్కడ ఇద్దరం స్కూబా డైవ్ (సిలిండర్ గాలి పీలుస్తూ నీటి అడుగున ఈదడం) చెయ్యాలన్నది ప్లాను. ఈత అయింది, థియరీ అయింది, మాస్కులు కొన్నాం. సముద్రంలో చెయ్యాల్సిన నాలుగు శిక్షణ డైవ్‌లు మిగిలాయి. అవి అయ్యాకే ఓడ. ఓడ రేవులో ఆగేది ఒక్క పగలే కాబట్టి అక్కడ ఓపెన్ వాటర్ కోర్సు (స్కూబా మొదటి స్థాయి శిక్షణ) పట్టదు. ఆ కోర్సు పూర్తయ్యాక ఇచ్చే కార్డు లేకుండా వెళ్తే శిక్షకుడి వెంటే 12 మీటర్ల లోపు; కార్డు ఉంటే ఇద్దరూ జంటగా 18 మీటర్ల దాకా.

కోర్సుకు ఆగకుండా 200 మీటర్లు ఈదాలి, దేన్నీ పట్టుకోకుండా 10 నిమిషాలు తేలాలి. వేగం ఎవరూ చూడరు. ఊళ్లోని ఈతకొలనులోనే ఇది తేల్చుకోవచ్చు. ఆరోగ్య ఫారం మాత్రం ముందే చదవాలి. ఉబ్బసం, చెవి ఆపరేషన్, గుండె జబ్బు లాంటి వాటిలో ఒక్కదానికి 'అవును' అని రాసినా డాక్టరు సంతకం కావాలి. ఒడ్డుకు చేరాక ఈ సంగతి బయటపడితే పడవ ఎక్కనివ్వరు.

మాస్కు ఎంపికలో ధర కాదు, ముఖానికి అతకడం ముఖ్యం. పట్టీ తగిలించకుండా ముఖానికి ఆనించి ముక్కుతో గాలి పీల్చాలి. చెయ్యి తీసినా అంటుకుని ఉండాలి. మీసం ఉన్నవాళ్లకు పై పెదవి దగ్గర నీళ్లు కారతాయి, ముక్కు కింద సన్నగా కత్తిరిస్తే ఆగుతుంది. కొత్త అద్దం లోపలివైపు తయారీలో మిగిలిన పొర ఉంటుంది. తెల్ల టూత్‌పేస్టుతో వేలితో రుద్ది కడగాలి, లేకపోతే, మసక పట్టకుండా డైవర్లు రాసే ఉమ్మి ఎంత రాసినా మసకబారుతుంది.

శిక్షణ డైవ్‌లకు మనకు దగ్గర పాండిచ్చేరి. తిరుపతి వాళ్లు గట్టిగా గుర్తుంచుకోవాల్సింది ఇక్కడే ఉంది. డైవ్‌లో ఒంట్లో కరిగిన నైట్రోజన్ మెల్లగా బయటికి పోవాలి. ఈలోగా ఎత్తుకు వెళ్తే అది బుడగలు కడుతుంది. డైవ్ తర్వాత విమానం ఎక్కడానికి ఆగమని చెప్పే గడువే 600 మీటర్లు దాటిన ఎత్తుకూ పాటించాలి: ఒక్క డైవ్ అయితే 12 గంటలు, వరస డైవ్‌లయితే 18 గంటలు. తిరుమల 850 మీటర్లకు పైనే. పొద్దున డైవ్ చేసి, రాత్రికి తిరుపతి చేరి, తెల్లవారుజామున కొండెక్కే ప్లాను వద్దు. దర్శనం టికెట్టు ఒక రోజు ఆలస్యంగా పెట్టుకోవాలి, అలిపిరి మెట్లయితే ఇంకో రోజు ఆగడం మేలు. మదనపల్లె వెళ్లేవాళ్లకూ ఇదే లెక్క.

ఇక గాలి. 12 లీటర్ల సిలిండర్‌లో 200 బార్ (గాలి ఒత్తిడి కొలత) ఉంటే 2,400 లీటర్లు. 50 బార్ నిల్వ తీసేస్తే 1,800. నీటి పైన నిమిషానికి 20 లీటర్లు పీల్చే మనిషి, ఒత్తిడి రెట్టింపయ్యే 10 మీటర్ల లోతులో 40 పీలుస్తాడు, అంటే 45 నిమిషాలు. కంగారులో పైన 25 లీటర్లు పీల్చే మనిషికి వచ్చేది 36 నిమిషాలే. ఇద్దరిలో ఎవరి గాలి ముందు తగ్గితే వాళ్లతోపాటే రెండోవాళ్లూ పైకి రావాలి. 100 బార్ దగ్గర ఒకరికొకరు చేత్తో చెప్పుకోవడం కొలనులోనే అలవాటు చేసుకోవాలి. మొగుడు చెప్పాడనో, పెళ్లాం బాధపడుతుందనో చెవి నొప్పిని ఓర్చుకుని దిగకూడదు. మీటరు మీటరుకూ ముక్కు మూసి మెల్లగా ఊదాలి. చెవి తెరుచుకోకపోతే ఒక మీటరు పైకొచ్చి మళ్లీ ప్రయత్నించాలి. జలుబు ఉంటే ఆ రోజు డైవ్ లేదు.

చెన్నై నుంచి శ్రీలంకకు క్రూజ్‌లు 2023 జూన్‌లో మొదలయ్యాయి. ట్రింకోమలిలో ఆగే తేదీ మే, సెప్టెంబరు మధ్య దొరికితే మంచిది, తూర్పు తీరం అప్పుడు ప్రశాంతంగా ఉంటుంది. నిలావెలి ఎదురుగా ఉన్న పిజియన్ ఐలాండ్ కొత్తవాళ్లకు సరిపోయే పగడపు దిబ్బ. రెండు డైవ్‌లు, మధ్యలో గంట విరామం, రాకపోకలు కలిపితే సగం రోజు పోతుంది. ఓడ బయల్దేరే వేళకు కనీసం రెండు గంటల ముందు రేవులో ఉండేలా చూసుకోవాలి. ఓడవాళ్ల ద్వారా బుక్ చేసిన ట్రిప్పు ఆలస్యమైతే ఓడ ఆగుతుంది, సొంతంగా బుక్ చేసుకుంటే ఆగదు.

సిలిండర్లు, డైవింగ్ కత్తి ఓడలోకి తేనివ్వరు. మాస్కు, డైవ్ కంప్యూటర్ (లోతు, సమయం చూపే చేతి పరికరం) చాలు, మిగతావి అద్దెకు. ఓడలో వేసుకునే వాంతుల మాత్ర మత్తు తెస్తుందేమో డాక్టరును అడిగి, ఇంట్లోనే ఒకసారి వేసి చూడాలి.

తర్వాతి పని బీమా. మామూలు ప్రయాణ బీమాలో స్కూబా ఉందా, ఎంత లోతు వరకు ఉందో పాలసీ కాగితంలో చూసి, పాండిచ్చేరి తేదీలు ఖరారు చెయ్యాలి.