ఆఖరిసారి మూత్రం ఎప్పుడు పోశారు?

మాది మర్రిగూడ పక్కన పల్లె. మా దిక్కు ఎవరికి ఒంట్లో బాగాలేకున్నా మాట ముందు ఫ్లోరైడ్ నీళ్ళ మీదికే పోతుంది. నల్గొండలో రక్తపరీక్ష చూసి, క్రియాటినిన్ (కిడ్నీలు మూత్రంలోకి పంపేసే వ్యర్థం) 4.8 ఉంది, కిడ్నీలు దెబ్బతిన్నట్టున్నాయి, డయాలసిస్ పడొచ్చు అనగానే నాయిన గోడకు కూలబడ్డాడు. "నీళ్ళేరా, ఆ నీళ్ళే."

నాకు లెక్క కుదరలేదు. మూడు రోజుల కిందటి దాకా వడ్ల బస్తాలు మోసినోణ్ణి. ఇప్పుడు పొట్ట డోలులా ఉబ్బింది, చెయ్యి తగిలితే ప్రాణం పోతోంది. మూత్రానికి పోతే నాలుగు చుక్కలు, అవీ ఎర్రగా.

అంబులెన్స్‌లో హైదరాబాద్ తీసుకుపోయారు. దారిలో ఉన్న స్పీడ్ బ్రేకర్లన్నీ నాకు ఇప్పటికీ గుర్తే. అక్కడ రాత్రి డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ మావాళ్ళందరినీ బయటికి పంపి, "నొప్పి మొదలవకముందు ఏం చేశారు? ఆఖరిసారి మూత్రం నిండుగా ఎప్పుడు పోశారు?" అని అడిగింది. అంతకుముందు ఎవరూ అడగలేదు. అడిగినా నాయిన ముందు నోరు విప్పేవాణ్ణి కాదు.

దోస్తు పెళ్ళి బరాత్. బీర్లు ఎన్నో గుర్తులేదు, పైన ఒక క్వార్టర్. మత్తుగా పడుకుని, తెల్లారుజామున మూత్రానికి లేచి మెట్ల మీద బోర్లా పడ్డాను. లోపల ఏదో పుటుక్కుమంది. విచిత్రమేమిటంటే, ఆ తర్వాత మూత్రం తొందరే లేదు.

సూదితో పొట్టలోని నీళ్ళు తీసి చూస్తే, రక్తంలో కన్నా క్రియాటినిన్ ఎన్నో రెట్లు ఎక్కువుంది. అవి నీళ్ళు కావు, మూత్రం. మూత్రసంచిలోకి ట్యూబ్ వేసి, స్కాన్‌లో కనబడే మందు ఎక్కించి సీటీ తీశారు. మూత్రసంచి పైభాగం చిరిగి, మందు పేగుల మధ్యకు కారుతోంది. సంచి నిండినప్పుడు ఆ పైభాగమే బలహీనంగా ఉంటుందట. కిడ్నీలు తమ పని చేస్తూనే ఉన్నాయి. అవి వడకట్టి పంపిందాన్ని పొట్ట మళ్ళీ రక్తంలోకి పీల్చుకుంటోంది, అందుకే రిపోర్టు అలా వచ్చింది.

ఆ రాత్రే కోసి కుట్లు వేశారు. మూడో రోజుకు క్రియాటినిన్ 1.1, అంటే మామూలుకొచ్చింది. ట్యూబ్ మాత్రం 14 రోజులు. మళ్ళీ మందు ఎక్కించి ఎక్స్‌రే తీసి, కారడం లేదని చూశాకే తీశారు. సిస్టర్ కొలిచే డబ్బా చేతికిచ్చి తలుపు బయట నిలబడింది. సగం డబ్బా నిండింది. పరీక్ష పాసైనప్పుడు కూడా అంత సంతోషపడలేదు.

బీర్ల సంగతి నాయినకు ఇంకా చెప్పలేదు. ఆయన మాత్రం నా కోసం రోజూ ఇరవై లీటర్ల ఫిల్టర్ నీళ్ళ క్యాన్ తెప్పిస్తున్నాడు.