డాబా మీద రామేశ్వరం ఇసుక

"ఇంత ఇసుక ఏడికెళ్లి వచ్చింది బిడ్డా?" అని అమ్మ చీపురు పట్టుకుని అడిగింది.

పొద్దున హన్మకొండలో మా డాబా మీద నా కైట్‌సర్ఫింగ్ కైట్ విప్పాను. పలక మీద నిలబడ్డ మనిషిని గాలి బలంతో నీళ్ల మీద లాక్కెళ్లే 9 చదరపు మీటర్ల గాలిపటం అది. కుట్ల మడతల్లోంచి రామేశ్వరం ఇసుక సన్నగా రాలింది. జనవరిలో సంచిలో పెట్టాక మళ్లీ తెరవలేదు. వేలికంటింది నాలుక మీద పెట్టుకుంటే ఇంకా ఉప్పగానే ఉంది.

అక్కడ చలికాలం గాలి ఈశాన్యం నుంచి వస్తుంది. నైరుతి మొదలైతే గాలి దిక్కు మారిపోతుంది, దాంతో మనం నీళ్లలోకి దిగే ఒడ్డు కూడా మారుతుంది. ఊరు అదే, సముద్రం మాత్రం వేరే. జనవరి గాలి నాకు బాగా అలవాటైంది. నైరుతి గాలిలో మాత్రం ఒక్కసారి కూడా దిగలేదు. వచ్చే వారం దిగాలి. టెన్షన్‌గా ఉంది, నిద్ర కూడా సరిగా పట్టడం లేదు.

సాయంత్రం వడ్డేపల్లి చెరువు కట్ట మీదికి వెళ్లాను. మృగశిర వచ్చిందో లేదో, పడమటి గాలి లేచింది. నీళ్ల మీద ముడతలు ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు ఉరుకుతున్నాయి. చిన్నప్పుడు ఈ గాలి తగిలితే పత్తి గింజలు పెట్టే రోజులొచ్చాయని తెలిసేది. ఇప్పుడు చేతులు వాటంతటవే కైట్‌ను తిప్పే బార్ కోసం వెతుక్కున్నాయి.

ఇంటికొచ్చి చూస్తే అమ్మ ఆ ఇసుకను ఊడ్చి పారేయలేదు. చిన్న సీసాలో ఎత్తి దేవుడి గూట్లో పెట్టింది.