ఇంట్లో తయారవుతున్న అక్వేరియం కంట్రోలర్: మార్చి నుంచి జులై వరకు

మార్చి

హనుమకొండలోని మా ఇంటి ముందుగదిలో ఉన్న అక్వేరియం పొడవు మూడడుగులు, వెడల్పు అడుగు, ఎత్తు అడుగుంపావు. అందులో సుమారు 100 లీటర్ల నీరు పడుతుంది. ఏంజెల్ చేపలకు, టెట్రాలకు 24 నుంచి 28 డిగ్రీల మధ్య నీరు అనుకూలంగా ఉంటుంది. మా వైపు మే నెలలో బయట ఎండ 42 డిగ్రీలు దాటడం మామూలే కనుక, గదిలోని నీరు కూడా 32 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. 25 డిగ్రీల వద్ద లీటరు నీటిలో సుమారు 8.2 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరగగలదు. 32 డిగ్రీల వద్ద అది సుమారు 7.3 మిల్లీగ్రాములకు తగ్గుతుంది. అదే సమయంలో వేడికి చేపల ఆక్సిజన్ అవసరం పెరుగుతుంది. ఉష్ణోగ్రతను కనిపెట్టి ఫ్యాన్, హీటర్, లైటు నడిపే యంత్రాన్ని ఇంటిల్లిపాదీ కలిసి తయారు చేయాలని అందుకే నిర్ణయించుకున్నాము.

వైరింగ్ బాధ్యత మా మామయ్యది. ఆయన లైన్‌మన్‌గా పనిచేసి రిటైరయ్యారు. ప్రోగ్రాం తొమ్మిదో తరగతి చదువుతున్న మా అమ్మాయిది, డిస్‌ప్లే మా బాబుది, సోల్డరింగ్ మా వారిది, పరీక్షలూ ఈ రాతపనీ నావి. పని మొదలుపెట్టే ముందే ఒక నియమం పెట్టుకున్నాము: ఏ భాగం పాడైనా, యంత్రం చేపలకు ముప్పు లేని స్థితిలోనే ఆగాలి. ఆ తరువాత తీసుకున్న ప్రతి నిర్ణయానికీ ఈ నియమమే ఆధారం.

ప్రోగ్రాంను నడిపే ఈఎస్‌పీ32 అనే చిన్న కంప్యూటర్ బోర్డు, దాని ఆదేశంతో కరెంటును కలిపి విడదీసే నాలుగు రిలేల (స్విచ్‌ల) మాడ్యూల్, ఉష్ణోగ్రత కొలిచే డీఎస్18బీ20 సెన్సర్లు, డీఎస్3231 గడియారం, చిన్న ఓఎల్ఈడీ తెర కావాలి. వీటిని మా వారు హైదరాబాద్ పనిమీద వెళ్లినప్పుడు కోఠీ గుజరాతీ గల్లీ నుంచి తెచ్చారు. వైర్లు, ప్లగ్గులు, ప్లాస్టిక్ బాక్సు వరంగల్‌లోనే దొరికాయి.

ఏప్రిల్

ముందుగా సెన్సర్లను పరీక్షించాము. తయారీదారు లెక్క ప్రకారం డీఎస్18బీ20 కొలతలో అర డిగ్రీ వరకు తేడా ఉండవచ్చు. స్టీలు చెంబులో మెత్తగా దంచిన మంచు నింపి, అది మునిగేంత నీళ్లు మాత్రమే పోసి, మూడు సెన్సర్లనూ కట్టగట్టి మధ్యలో ఉంచి, గరిటెతో నెమ్మదిగా కలుపుతూ కూర్చున్నాము. కరిగే మంచులో అవి సున్నా చూపాలి. అంకెలు నిలకడకు వచ్చాక ఒకటి 0.25, ఇంకొకటి 0.06, మూడోది మైనస్ 0.19 చూపించాయి. ఏ సెన్సర్‌కు ఎంత సవరణ కావాలో మా అమ్మాయి ప్రోగ్రాంలో రాసింది. సెన్సర్ డేటా వైరుకూ 3.3 వోల్టుల వైరుకూ మధ్య 4.7 కిలో ఓమ్‌ల రెసిస్టర్ తప్పనిసరి. స్టీలు గొట్టంలోకి వైరు వెళ్లే చోట నీరు చేరకుండా, వేడి చేస్తే ముడుచుకొని బిగుసుకునే హీట్‌ష్రింక్ గొట్టం తొడిగాము.

ఈ సెన్సర్ ఇచ్చే రెండు అంకెలను ఎప్పుడూ నమ్మకూడదు. కరెంటు వచ్చిన వెంటనే, కొలత పూర్తికాకముందే చదివితే 85 వస్తుంది. వైరు ఊడిపోతే మేము వాడుతున్న లైబ్రరీ (ప్రోగ్రాంలో కలుపుకునే రెడీమేడ్ కోడ్) మైనస్ 127 చూపుతుంది. రెండో అంకెను నిజమని తీసుకున్న యంత్రం నీరు గడ్డకట్టుకుపోయిందనుకొని హీటర్‌ను ఆపకుండా నడుపుతుంది. అందుకని ప్రోగ్రాం ఈ రెండింటినీ వదిలేస్తుంది. వరుసగా మూడుసార్లు సరైన కొలత రాకపోతే హీటర్‌ను ఆపి బజర్ మోగిస్తుంది.

రిలేల అమరికలో మా నియమం అన్నిటికంటే ఎక్కువగా ఉపయోగపడింది. హీటర్‌ను రిలేలోని నార్మల్లీ ఓపెన్ (ఆదేశం లేనప్పుడు కరెంటు పారని) కొనకు కలిపాము కనుక కంట్రోలర్ చచ్చిపోతే హీటర్ ఆగిపోతుంది. ఫ్యాన్లను నార్మల్లీ క్లోజ్డ్ (ఆదేశం లేనప్పుడు కరెంటు పారే) కొనకు కలిపినందున అవి అప్పుడు తిరుగుతూనే ఉంటాయి. చలికాలంలో ఫ్యాన్ల ప్లగ్గు తీసేస్తాము. ఫిల్టర్‌ను మాత్రం కంట్రోలర్‌తో సంబంధం లేకుండా నేరుగా గోడ ప్లగ్గులోనే ఉంచాము. దానిలోని మేలుచేసే బ్యాక్టీరియాకు నీటి ప్రవాహం ఆగకూడదు. రిలే కాంటాక్టులు అతుక్కుపోయే అవకాశాన్ని కూడా ఆలోచించి, హీటర్‌లోనే ఉన్న థర్మోస్టాట్‌ను (వేడి హద్దు చేరగానే హీటర్‌ను ఆపే స్విచ్‌ను) 27 దగ్గర ఉంచాము. కంట్రోలర్ 24.5 వద్ద హీటర్‌ను వేసి 25.5 వద్ద ఆపుతుంది. అది విఫలమైనా రెండో కాపలా ఉంటుంది. ఫ్యాన్లకు హద్దులు 28.5, 27.5. ఈ ఒక డిగ్రీ ఎడం లేకపోతే రిలే నిమిషానికోసారి టకటకమని కొట్టుకుంటుంది.

పిన్నుల ఎంపికలో ఒక జాగ్రత్త అవసరం. ఈఎస్‌పీ32లో 0, 2, 5, 12, 15 పిన్నులకు బోర్డు మొదలయ్యే క్షణంలో వేరే పని ఉంటుంది కాబట్టి రిలేలకు 25, 26, 27, 33 వాడాము. గడియారం మాడ్యూల్‌తో ఇంకో జాగ్రత్త. మాకు దొరికినదానిలో బ్యాటరీని చార్జి చేసే సర్క్యూట్ ఉంది, కానీ మేము వేసిన సీఆర్2032 చార్జి చేయకూడని బిళ్ల. చార్జింగ్ ఆగిపోయేలా, డయోడ్ పక్కనున్న 200 ఓమ్‌ల రెసిస్టర్‌ను మా వారు సోల్డరింగ్ ఐరన్‌తో తీసేశారు.

మే

230 వోల్టుల పనిని పిల్లల చేతికి ఇవ్వలేదు. మా మామయ్య 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీని (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్‌ను) ముందు బిగించి, దాని టెస్ట్ బటన్ నొక్కి చూసిన తరువాతే మిగతా వైరింగ్ చేశారు. ప్రతి వైరూ ప్లగ్గు దగ్గరకు వెళ్లే ముందు ప్లగ్గుకంటే కిందికి వేలాడి మళ్లీ పైకి ఎక్కేలా అమర్చారు. ఎందుకని మా అమ్మాయి అడిగితే, "బిడ్డా, నీళ్లు వైరు పట్టుకొని నడుస్తయి. కింద వంపు ఉంటే ఆడికెల్లి నేల మీద పడ్తయి, బోర్డుల పడవు," అన్నారు. ఇంటర్నెట్‌లో చదివిన ఏ వివరణా ఆమెకు ఇంత బాగా గుర్తుండదని నా నమ్మకం.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. మా ఫ్యాన్లకు అసలు పరీక్ష అప్పుడే. నీటిమీదుగా ఏటవాలుగా గాలి వీచే రెండు 12 వోల్టుల కంప్యూటర్ ఫ్యాన్లు అవి. లీటరు నీరు ఆవిరి కావడానికి సుమారు 2,400 కిలోజౌళ్ల వేడి కావాలి. 100 లీటర్ల నీటిని ఒక డిగ్రీ చల్లబరచాలంటే సుమారు 420 కిలోజౌళ్లు తీసేయాలి. లెక్క ప్రకారం ఒక్క లీటరు ఆవిరైతే ఐదు డిగ్రీలకు పైగా తగ్గాలి. గది వేడి అద్దాల గుండా నిరంతరం లోపలికి వస్తుంది కనుక మాకు రెండు మూడు డిగ్రీల తేడా మాత్రమే కనబడింది. ఆ తేడాయే మాకు ఎంతో ముఖ్యం.

కరెంటు పోయినప్పుడు ఫ్యాన్లు, కంట్రోలర్ 12 వోల్టుల 7 ఆంపియర్ అవర్ల బ్యాటరీమీద నడుస్తాయి. రెండూ కలిపి సుమారు అర ఆంపియర్ తీసుకుంటాయి. లెడ్ యాసిడ్ బ్యాటరీని సగానికి మించి ఖాళీ చేయకూడదనుకుంటే ఏడు గంటలు వస్తుంది.

జూన్

మా బాబు తెర పని పూర్తిచేశాడు. తెరకు వాడిన లైబ్రరీలో తెలుగు అక్షరాలు లేవు. నానమ్మ కళ్లద్దాలు లేకుండా కూడా చదవగలగాలన్నది వాడి పట్టుదల. గ్రాఫ్ పేపరుమీద ఒక్కో గడిని ఒక్కో చుక్కగా లెక్కించి "నీటి వేడి", "ఫ్యాను", "హీటరు" అనే మాటలను పెన్సిలుతో నింపి, వాటిని బొమ్మలుగా ప్రోగ్రాంలో పెట్టాడు. 128 చుక్కల వెడల్పు, 64 చుక్కల ఎత్తు మాత్రమే ఉన్న తెరలో "ఫ్యా" వంటి ఒత్తులు ఇమడడానికి చాలాసార్లు చెరిపి గీయవలసి వచ్చింది. లైటు మధ్యాహ్నం ఒంటిగంట నుంచి రాత్రి తొమ్మిది వరకు వెలుగుతుంది. అంతకన్నా ఎక్కువసేపు ఉంచితే అద్దాలకు పాచి పడుతుంది.

జులై

వానలు మొదలయ్యాక గాలిలో తేమ పెరిగి ఫ్యాన్ల ప్రభావం తగ్గింది; అయితే నీరు అంతగా వేడెక్కడం లేదు కనుక ఇబ్బంది రాలేదు. ఇప్పుడు మిగిలింది ఆవిరైన నీటిని దానంతట అదే నింపే ఏర్పాటు. భద్రకాళి, వడ్డేపల్లి చెరువుల నుంచి, ధర్మసాగర్ నుంచి శుద్ధిచేసి మా నగరానికి పంపే నల్లా నీటిలో క్లోరిన్ ఉంటుంది. దానిని బకెట్‌లో యాంటీ క్లోరిన్ కలిపి ఉంచిన తరువాతే వాడతాము. ఆవిరయ్యేది నీరు మాత్రమే, లవణాలు మిగిలిపోతాయి కాబట్టి ఇలా నింపడం నీరు మార్చడానికి బదులు కాదు.

నల్లాకు వాల్వు బిగించి నేరుగా కలుపుదామని మొదట ఒక ప్రతిపాదన వచ్చింది. వాల్వు తెరుచుకొని ఉండిపోతే గదంతా మునుగుతుందని మా అమ్మాయి అభ్యంతరం చెప్పింది. ఐదు లీటర్ల డబ్బాలో ముందే శుద్ధిచేసిన నీరు ఉంచి, చిన్న 5 వోల్టుల పంపుతో ఎక్కించాలని నిర్ణయించాము. పంపు ఆగకపోయినా పొంగేది ఐదు లీటర్లకు మించదు. డబ్బాను ట్యాంకు అంచుకంటే కింద ఉంచుతున్నాము. ట్యూబు చివర ట్యాంకు నీటిలో మునగకూడదు. మునిగితే పంపు ఆగిన వెంటనే నీరు డబ్బాలోకి వెనక్కి వస్తుంది. నీటిమట్టంతో పాటు పైకీ కిందికీ కదిలే ఒక ఫ్లోట్ స్విచ్ పంపును నడుపుతుంది. దానికంటే కింద ఉండే రెండోది, నీరు మరీ తగ్గితే హీటర్‌ను ఆపుతుంది. నీటి బయట వెలిగిన హీటర్ గాజు పగిలిపోతుంది. పంపు ఒక్కసారికి 60 సెకన్లకు మించి నడవదు; ఆలోపు ఫ్లోట్ లేవకపోతే బజర్ మోగుతుంది. ప్రస్తుతం ఇదంతా అక్వేరియానికి దూరంగా, పెరట్లో రెండు బకెట్ల మధ్య నడుస్తోంది. ఫ్లోట్‌కు పాచి పట్టి కదలకుండా పోయినప్పుడు ఏమవుతుందో చూడడానికి దానిని దారంతో కట్టేసి పరీక్షిస్తున్నాము.