రీఛార్జ్ ఎంతో తేలింది, మరి ఎంత తోడాలి?

వాన నీరు ఏటా భూమిలోకి ఎంత ఇంకుతోందో (అదే రీఛార్జ్), అందులో బోర్లతో ఎంత తోడొచ్చో తేల్చాల్సి వచ్చింది. ముందు నీటిమట్టం లెక్క కట్టాను. వానలకు ముందు ఒకసారి, వానలు ఆగాక మరోసారి పరిశీలక బావుల్లో మట్టం కొలిచి, పెరిగిన ఎత్తును స్పెసిఫిక్ యీల్డ్‌తో (నీటితో నిండిన పొర దానంతట అది వదిలే నీటి శాతం) గుణించాలి. మట్టం 4 మీటర్లు లేచి, యీల్డ్ 1.5 శాతమైతే చదరపు కిలోమీటరుకు 60,000 ఘనపు మీటర్లు, అంటే 60 మి.మీ. వానాకాలంలో తోడిన నీళ్లనూ దీనికి కలపాలి.

చిక్కంతా ఆ 1.5 దగ్గరే. శిథిల గ్రానైట్‌లో (చివికి మెత్తబడిన రాతి పొర) 3 శాతమన్నా ఎవరూ కాదనరు, కానీ జవాబు రెట్టింపవుతుంది. అందుకే పంపింగ్ టెస్టు: ఆపకుండా తోడుతూ మట్టం ఎలా పడుతుందో చూడటం. రెండు గంటల్లో మోటారు ఆపేస్తే యీల్డ్ అసలు విలువకన్నా బాగా తక్కువ వస్తుంది. మట్టి రంధ్రాల్లోని నీరు దిగడానికి టైము పడుతుంది మరి. 72 గంటలు నడిపితే మేలు. మొదటి పది నిమిషాలు నిమిషానికోసారి మట్టం రాసుకుని, ఆపైన ఎడం పెంచుకుంటూ పోవచ్చు. తోడిన నీటిని పైపుతో దూరంగా వదలకపోతే అదే తిరిగి ఇంకి గ్రాఫును చెడగొడుతుంది.

వాననీటిలోని క్లోరైడ్ (ఉప్పులో ఉండేదే) నీరు ఆవిరైనా పోకుండా చిక్కబడుతుంది కాబట్టి, దాంతో సరిచూసుకోవచ్చు. వాన 800 మి.మీ., వాననీటిలో క్లోరైడ్ లీటరుకు 1 మి.గ్రా., భూగర్భ జలంలో 16 అయితే రీఛార్జ్ 50 మి.మీ. ఇది చాలా ఏళ్ల సగటు కాబట్టి ఒక్క ఏడాది లెక్కతో అచ్చంగా కలవదు. ఎరువులో మురుగో కలిసిన చోట మాత్రం రీఛార్జ్ తక్కువగా కనిపిస్తుంది.

భూగర్భ జలాల కంప్యూటర్ మోడల్‌లో మట్టాలు కొలిచిన వాటితో చక్కగా కుదిరాయని మురిసిపోకూడదు. స్థిరస్థితిలో (మట్టాలు కాలంతో మారనప్పుడు) రీఛార్జ్‌నీ, వాహకతనీ (పొర నీటిని ఎంత సులువుగా పారనిస్తుందో) కలిపి రెట్టింపు చేసినా అవే మట్టాలు వస్తాయి. ఈ ముడి విప్పేది ఎండాకాలంలో కొలిచిన వాగు ప్రవాహమే. మోడల్ అంచుల్లో మట్టం ఎప్పుడూ మారదని పెడితే అక్కడినుంచి నీళ్లు ఎంతైనా వచ్చేస్తాయి. నీటి బడ్జెట్ పట్టిక (వచ్చిన, పోయిన నీళ్ల లెక్క) తెరిస్తే ఈ దొంగ నీరు బయటపడుతుంది.

ఇక 60 మి.మీ. ఇంకుతోంది కదా, 60 తోడేద్దాం అంటే కుదరదు. అమెరికా భూగర్భ జల శాస్త్రవేత్త థీస్ 1940లోనే చెప్పాడు: బోరు లేనప్పుడు ఆ నీరంతా వాగుకీ, ఊటలకీ, చెట్లకీ పోయేది. మనం తోడేది ముందు నిల్వలోంచి, తర్వాత వాటి వాటాలోంచి వస్తుంది. అందుకే రీఛార్జ్‌లో 30, 50, 70 శాతం పంపింగ్‌తో, వరుస కరువేళ్లు పెట్టి మోడల్ నడిపాను. చూసింది రెండే: వేసవిలో వాగు ఎంత తగ్గుతోంది, మట్టం శిథిల పొర అడుగుకన్నా పైనే ఉంటోందా. ఆ పొర దాటితే మిగిలేవి పగుళ్లే, బోరు దిగుబడి ఒక్కసారిగా పడిపోతుంది. తక్కువ యీల్డ్‌తో నడిపినా ఈ రెండూ నిలిచిన రేటునే ఖరారు చేశాను.