వెనిస్‌లో నేను బావులు చూసొచ్చాను

వెనిస్ వెళ్లొచ్చినవాళ్లు గొండోలా పడవల ఫొటోలు చూపిస్తారు. నా ఫోన్ నిండా బావులే. ఏళ్ల తరబడి మంచినీటి సరఫరా విభాగంలో ఇంజినీరుగా చేసినదాన్ని. చుట్టూ నీళ్లున్న ఊరు చూస్తే నాకు ముందొచ్చే సందేహం ఒకటే: వీళ్లు తాగడానికి నీళ్లెక్కడివి? కాలువల్లో ఉన్నది సముద్రపు ఉప్పునీరాయె.

జవాబు దాదాపు ప్రతి కాంపోలోనూ కనిపిస్తుంది. ఇళ్ల మధ్య ఉండే ఖాళీ జాగాను అక్కడ కాంపో అంటారు. దాని మధ్యలో చెక్కడాలున్న రాతి గట్టు, పైన మూత. చూడ్డానికి అచ్చం బావే. కానీ అందులో ఊట ఉండదు, అది వాననీటి తొట్టి. ఐదారు మీటర్ల గొయ్యి తవ్వి, పక్కలనుంచి ఉప్పునీరు చొరబడకుండా బంకమట్టితో మెత్తి, లోపలంతా ఇసుక నింపేవాళ్లు. నడుమ ఇటుకలతో ఒక గొట్టంలా కట్టేవాళ్లు. పైన పరిచిన రాళ్లకు కాస్త వాలు ఇచ్చి, గట్టు చుట్టూ చిల్లులున్న రాతి పలకలు అమర్చేవాళ్లు. కురిసిన వాన ఆ చిల్లుల్లోంచి ఇసుకలోకి దిగి, శుభ్రపడి, నడిమి గొట్టంలోకి చేరేది. మేం కాలేజీలో స్లో శాండ్ ఫిల్టర్ అని బట్టీ పట్టింది దాదాపు ఇదే. కాకపోతే మా ఫిల్టర్ల చుట్టూ కంచె ఉంటుంది, వీళ్ల ఫిల్టర్ మీద పిల్లలు బంతాట ఆడుతున్నారు.

కాంపో సాంత్ ఆంజెలోకి వెళితే ఇంకా బాగా అర్థమవుతుంది. బావుల చుట్టూ నేల అరుగులా ఎత్తుగా ఉంటుంది. సముద్రం పోటెత్తి వీధుల్లోకి వచ్చినప్పుడు ఆ ఉప్పునీరు తొట్టిలో పడితే అంతే సంగతులు, అందుకని ఆ ఎత్తు. ఊరందరి బావులకూ తాళాలు ఉండేవి, రోజుకు రెండుసార్లు గంట కొట్టి తెరిచేవాళ్లు. వానలు ముఖం చాటేస్తే బ్రెంటా నది నీళ్లు పడవల్లో వచ్చేవి. కొన్ని గట్ల అడుగున చిన్న రాతి గిన్నె కూడా ఉంది, కుక్కలకూ పిట్టలకూ అన్నమాట. అది చూశాక ఆ పనివాళ్ల మీద గౌరవం ఇంకో మెట్టు పెరిగింది. 1884లో ప్రధాన భూభాగం నుంచి పైపులైను వచ్చాక బావులకు మూతలు పడ్డాయి.

"తాగే నీళ్ల సంగతి సరే, మరి మురుగో?" అన్నారు మావారు. అడగాల్సిన ప్రశ్నే. పాత ఇళ్ల కింద ఇటుకలతో కట్టిన సొరంగాల్లాంటి కాలువలున్నాయి, గాటోలి అంటారు. మురుగు వాటిలోంచి పడవలు తిరిగే కాలువలోకి పోతుంది. సముద్రం రోజుకు రెండుసార్లు ఆటుపోట్లతో దాన్ని కడిగేస్తుంది. ఇప్పుడు చాలా భవనాలకు సెప్టిక్ ట్యాంకులు పెట్టారు గానీ, ఊరంతటికీ మనకు తెలిసిన డ్రైనేజీ లైను లేదు. పంపు లేదు, కరెంటు బిల్లు లేదు. ఒక ఇంజినీరుగా నాకు కొంచెం అసూయ వేసింది.

పునాదుల గురించి అందరూ రాస్తారు కాబట్టి రెండు ముక్కలే: బురదలో దిగేసిన కర్రల మీదే ఊరు నిలబడింది. సాంతా మరియా దెల్లా సాలూతే చర్చి ఒక్కదాని కిందే పది లక్షలకు పైగా కర్రలున్నాయంటారు. బురదలో గాలి ఆడదు కాబట్టి కర్ర కుళ్లిపోవడం చాలా నెమ్మది.

అడ్రసులు మాత్రం నరకం. ఊరు ఆరు పేటలు. ఇంటి నంబరు వీధిని బట్టి కాదు, పేట మొత్తానికీ ఒకే వరుస. కాస్తెల్లో పేటలో ఆ వరుస 6,800 దాటుతుంది. మేం దిగిన ఇంటావిడ పేట పేరూ నాలుగంకెల నంబరూ మాత్రమే పంపింది. నంబరు దగ్గరపడుతోందని సంబరపడేలోపు సందు కాస్తా కాలువలో ముగిసింది! పెట్టె చక్రాలు మెట్ల వంతెనల మీద పనికిరావు, మావారికి చెమటలు. మీరు వెళితే పేటతో పాటు సందు పేరూ, దగ్గరి పడవ స్టాపు పేరూ ముందే అడిగి పెట్టుకోండి.

ఇక గొండోలా. ముందు నిలబడి తిన్నగా చూడండి, అది వంకరగా ఉంటుంది. ఎడమ పక్క కుడి పక్క కంటే 24 సెంటీమీటర్లు వెడల్పు. తెడ్డు ఒక్కటే, వేసేది కుడివైపు. పడవ రెండువైపులా సమానంగా ఉంటే వేసిన ప్రతిసారీ ఎడమకు తిరిగిపోతుంది. ఆ వంకరే దాన్ని తిన్నగా నడిపిస్తోంది. దాన్ని చేసేది ఎనిమిది రకాల కలపతో, 280 ముక్కలు కలిపి. పగటిపూట అరగంట షికారుకు 2023 చివరి నుంచి అధికారిక ధర 90 యూరోలు, మనిషికి కాదు, పడవకు.

మావారు ఆ ధర బోర్డు చదివి, మెల్లగా పక్కకు నడిచారు. అక్కడే ఉంది ట్రగెట్టో. ఊరి పెద్ద కాలువ గ్రాండ్ కెనాల్‌ను ఆ ఒడ్డుకూ ఈ ఒడ్డుకూ దాటించే గొండోలా, పర్యాటకులకు 2 యూరోలు. ముందొకరు, వెనకొకరు తెడ్డు వేస్తారు. స్థానికులైతే సంచులు పట్టుకుని నిలబడే దాటేస్తారు. మేం కూర్చున్నాం. రెండు నిమిషాల్లో అవతలి ఒడ్డు. మావారికి నచ్చి, పనేమీ లేకపోయినా మళ్లీ 2 యూరోలిచ్చి వెనక్కి వెళ్లారు.